పక్కింటావిడకు చెప్పిన సముద్రం

నెల కిందట నా కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. మర్నాడు పట్టీ తీయించుకుని ఇంటికొచ్చి చూస్తే, ఇన్నేళ్ళుగా లేత పసుపనుకుంటున్న మా వంటింటి గోడలు తెల్లగా ఉన్నాయి. కిటికీ అవతల ఆకాశం అప్పుడే ఉతికి ఆరేసినట్టుంది. ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి, పాత నీలాన్నీ కొత్త నీలాన్నీ పోల్చుకుంటూ నిలబడిపోతే, మా అమ్మాయి కంగారుపడి నొప్పిగా ఉందా అని అడిగింది. నొప్పి కాదు. ఎప్పుడో ఎడిసన్ ఊళ్ళో మా పక్కింట్లో ఉన్న పెద్దావిడ గుర్తొచ్చింది.

అప్పటికి నేను ఈ దేశం వచ్చి రెండేళ్ళు. మన దేశంలో ఫార్మసీ చదివి వచ్చినా ఇక్కడి లైసెన్స్ పరీక్ష గట్టెక్కాలి. పుస్తకంలో ఇంగ్లీషు బాగానే అర్థమయ్యేది కానీ, మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే సగం అర్థంకాక, అన్నిటికీ యెస్ యెస్ అంటూ నెట్టుకొచ్చేదాన్ని. మన ఈడువాళ్ళలో చాలామందికి ఆ యెస్ ఎలాంటిదో తెలిసే ఉంటుంది. పక్కింటావిడ ఇక్కడి మనిషే, బడిలో బొమ్మలు వేయడం నేర్పి రిటైరైంది, భర్త పోయి చాలాకాలమైంది. ఏటా శరత్కాలంలో తెల్లవారుజామునే సముద్రానికి వెళ్ళి, ఒకే రాతికట్ట దగ్గర నిలబడి, సూర్యోదయాన్ని, వెలుగుకు ఎదురుపెట్టి చూసే స్లయిడ్ ఫిల్మ్ మీద ఫోటో తీసుకునేది. ఆ ఏడు ఆవిడకు చూపులో నడిమి భాగం మసకబారే జబ్బు ముదిరింది. నా ముఖంలోకి సూటిగా చూస్తే నా చెవులు మాత్రమే కనిపిస్తున్నాయని నవ్వుతూ చెప్పేది. నవంబరు ఆఖరున అరిజోనాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవాలి. అది ఎడారి. వెళ్ళేలోగా ఒక్క మంచి ఫోటో కావాలి, కారు నడిపే చూపు లేదు, ఆదివారాలు తీసుకెళ్తావా అని ఒకరోజు కంచె దగ్గర నిలబడి అడిగింది. నేను అలవాటుకొద్దీ యెస్ అన్నాను.

"చీకట్లో హైవే మీదా? నీకు డ్రైవింగ్ లైసెన్స్ వచ్చి నెల కూడా కాలేదు," అన్నారు మావారు.

"ఆవిడ పక్కనే ఉంటారు కదండీ," అన్నాను. ఆవిడకు రోడ్డు సరిగా కనిపించదన్న సంగతి ఇద్దరం పైకి అనలేదు.

గంట ప్రయాణం. రాతికట్ట దగ్గర ట్రైపాడ్ నిలబెట్టి, లెన్స్ ముందున్న గాడిలోకి అరచేయంత పలక ఒకటి దించేది. దాని పైసగం బూడిదరంగు, కిందికొచ్చేకొద్దీ పలచబడి అడుగుసగం మామూలు గాజులా ఉంటుంది. సూర్యోదయానికి ముందు ఆకాశంలో వెలుగు ఎక్కువ, నీళ్ళ మీద తక్కువ. ఫిల్మ్ రెండిటినీ ఒకేసారి పట్టుకోలేదు కాబట్టి ఆ ముదురు సగాన్ని ఆకాశం మీదికి సరిగ్గా దించాలి. ఆ ముదురు సగం ఆగే గీత ఎక్కడుందో ఆవిడకు కనిపించదు. నేను కెమెరాలో కన్నుపెట్టి చూసి చెప్పాలి, ఆవిడ వేళ్ళతో పలకను జరపాలి. సరిగ్గా ఉందా అని అడిగేది. నేను యెస్ అనేదాన్ని. రోజుకు నాలుగైదు ఫోటోల కంటే ఎక్కువ తీసేది కాదు.

మొదటి మూడు వారాల స్లయిడ్లు కడిగి వచ్చాక చూస్తే, అన్నిటిలోనూ పలక కిందికి దిగిపోయి, రాళ్ళ పైభాగమంతా మసి పూసినట్టుంది. నాకు తల కొట్టేసినట్టయింది. నిజానికి ఆ గీత ఎక్కడుందో నాకూ ఒక్కసారీ తెలియలేదు, అడగడానికి సిగ్గుపడ్డాను. ఆ మాట చెప్పి క్షమించమన్నాను. ఆవిడ ఇంగ్లీషులో అన్న మాట ఎందుకో నాకు తెలుగులోనే గుర్తుండిపోయింది.

"నేను వినాలనుకున్నది చెప్పావు. నువ్వు చూసింది చెప్పు. తెలియకపోతే తెలియలేదను. నాకు అదీ పనికొస్తుంది."

తరువాతి ఆదివారం వాన. మిగిలింది ఒక్కటే. ఆ రోజు చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆకాశం అప్పుడే ఎరుపెక్కుతోంది. ఒక అల లేచి మోకాళ్ళదాకా కొట్టేసరికి ఆవిడ చేతిలోని పలక జారి రాళ్ళ సందులో పడిపోయింది. వంగి వెతికాను, దొరకలేదు. ఇక ఇంటికి పోదామంటుందనుకున్నాను. ఆవిడ నల్లటి అట్టముక్క ఏదైనా ఉందా అని అడిగింది. కారులో చదువుకోవడానికి తెచ్చుకున్న పరీక్ష నోట్సుకు నల్లటి అట్ట ఉంది. పరుగున వెళ్ళి చింపుకొచ్చాను.

ఎనిమిది సెకన్లు కెమెరా తలుపు తెరిచి ఉంచుతాను, అందులో ఆరు సెకన్లు లెన్స్ ముందు ఆ అట్ట పట్టి ఆకాశాన్ని కప్పు, గీత పడకుండా అంచును కాస్త పైకీ కిందికీ ఆడిస్తూ ఉండు, అంది. ముందు ఎక్కడ పెట్టాలో కెమెరాలోంచి చూసి చెప్పమంది.

"ఇంకా కింద ఉంది. రాయిని తాకుతోంది. ఇప్పుడు... ఇప్పుడు నాకు తెలియడం లేదు."

"మంచిది. ఆగి మళ్ళీ చూడు."

ఆగాను, చూశాను, చెప్పాను. ఆవిడ అంకెలు లెక్కపెడుతుంటే నేను అట్ట ఆడించాను. మూడు ఫోటోలు తీసేసరికి సూర్యుడు పైకొచ్చేశాడు.

స్లయిడ్లు గురువారం వచ్చాయి, శనివారం ఆవిడ ప్రయాణం. లైటుపెట్టె మీద పెట్టి, తల పక్కకు తిప్పి ఓరచూపుతో చాలాసేపు చూసి, రంగులున్నాయని తెలుస్తోంది గానీ ఏవో తెలియడం లేదు, చెప్పు అంది. రెండు పాడయ్యాయని ముందు చెప్పాను. మూడోదాంట్లో ఆకాశం అడుగున దానిమ్మగింజ రంగనీ, దాని మీద పావురం మెడలాంటి నీలమనీ, అలలు పొగలా పరుచుకున్నాయనీ, తడిరాళ్ళ మీద నాచు కూడా పచ్చగా కనిపిస్తోందనీ చెప్పుకుపోయాను. మధ్యలో ఇంగ్లీషు చాలక తెలుగులోకి దిగిపోయానని నాకు తెలియనే తెలియదు. తెలిసి ఆగితే, ఆపొద్దు అంది. ఆవిడ చెంపలు తడిశాయి, నావీ.

ఆ స్లయిడ్ ఆవిడతో అరిజోనా వెళ్ళిపోయింది. వేసవికల్లా నేను పరీక్ష పాసయ్యాను. ముప్పై ఏళ్ళు మందుల షాపు కౌంటరు వెనక నిలబడి, తెలియనిది తెలియదని చెప్పడానికి ఏనాడూ వెనకాడలేదంటే ఆ చలిపొద్దుల చలవే. ఆవిడ బతికున్నన్నాళ్ళూ నెలకో ఆదివారం ఫోన్ చేసి, ఈమధ్య సముద్రం చూశావా, ఎలా ఉంది అని అడిగేది. అందుకోసమే నేను వెళ్ళి చూసి వచ్చేదాన్ని.

ఇప్పటికీ అప్పుడప్పుడు వెళ్తుంటాను. తెల్లారేసరికి బోలెడుమంది ఉంటారు. ఆకాశాన్నీ నీళ్ళనూ ఫోనే సరిచేసి పెడుతోంది, ఎవరి చేతిలో బొమ్మ వాళ్ళకు క్షణంలో వచ్చేస్తోంది. మంచిదే, నేనూ అలాగే తీసుకుంటున్నాను. తీసినవన్నీ బాగుంటాయి, ఇంటికొచ్చాక ఒక్కటీ గుర్తుండదు. నా దగ్గర లేని ఆ ఒక్కదాని రంగులు మాత్రం, కింది నుంచి పైదాకా, ఇప్పుడడిగినా వరసగా చెప్పగలను. అడిగేవాళ్ళే లేరు.