మంచం కింద చూశావా?

మొన్న మా కోడలు పాత చింతకాయ జాడీ మూత తీసింది. ఉప్పు, పసుపు, మెంతులు కలిసి ఊరిన ఆ వాసన వసారాలో కూర్చున్న నా దాకా వచ్చింది. ఎవరికైనా నోరూరాలి. నాకు మాత్రం ఆ వాసన వచ్చినప్పుడల్లా మార్తమ్మగారు మోకాళ్ళు పట్టుకుని మంచం కిందికి వంగడం కనిపిస్తుంది. ఇన్నేళ్ళయినా తల దించుకుంటాను.

అరవయ్యో దశకం మొదట్లో పల్నాడులో ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో నేను మేల్ నర్సు శిక్షణలో ఉన్నాను. మార్తమ్మగారు మాకు హెడ్ నర్సు. శావల్యాపురం వైపు కూలి కుటుంబంలో పుట్టి, చదువుకుని పైకి వచ్చిన మనిషి. సన్నగా, నల్లగా ఉండేది. తెల్లచీర మీద మరక ఉండేది కాదు. ప్రతి శనివారం మధ్యాహ్నం మా నలుగురినీ వార్డులోకి తీసుకెళ్ళి, చదివిందంతా రోగుల మంచాల దగ్గరే మళ్ళీ అప్పజెప్పించుకునేది. మా పుస్తకంలో ఊపిరితిత్తులు, గుండె, పొట్ట, మూత్రపిండాలు, నరాలు అని వరసగా పాఠాలుండేవి. ఆవిడ వరస వేరు. "ముందు కాళ్ళు చూడండ్రా. మొగం అబద్ధమాడుద్ది, కాళ్ళు ఆడవు" అనేది. వాపు ఉంటే వేలితో నొక్కమనేది, పడిన గుంట ఎంతసేపటికి నిండుతుందో చూడమనేది. అరికాల్లో పుండు ఉండీ నొప్పి లేదంటే మూత్రంలో చక్కెర చూడమనేది. పొద్దున్నే రెప్పలు ఉబ్బితే మూత్రపిండాలను అనుమానించమనేది. ఇవన్నీ అయ్యాక ప్రతి మంచం దగ్గరా చివరి ప్రశ్న ఒకటే. "మంచం కింద చూశావా?"

రోగుల వెంట వచ్చినవాళ్ళు ఆసుపత్రి వెనక సావిట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకునేవాళ్ళు. వాళ్ళ గిన్నెలు, మూటలు మంచాల కిందే ఉండేవి. నోటుపుస్తకం మొత్తం కంఠతా వచ్చునన్న గర్వం నాది. ఒకసారి నవ్వుతూ అన్నాను, "మంచం కింద ఏ జబ్బు ఉంటది సిస్టరమ్మా?" అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. "ఇల్లు ఉంటదిరా ప్రకాశం. వాళ్ళు ఇల్లు మోసుకొచ్చి అక్కడ పెట్టుకుంటారు. నువ్వు మనిషిని చూస్తున్నావు గానీ ఇల్లు చూడట్లా."

ఆ ఏడాదే వెల్దుర్తి దగ్గరి పల్లె నుంచి కోటయ్య అనే రైతు గుండెజబ్బుతో వచ్చాడు. కాళ్ళు స్తంభాల్లా వాచాయి, పడుకుంటే ఆయాసం. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఉప్పు ఆపించే పని నాకు అప్పజెప్పారు. ఆయన భార్య నాగమ్మతో, "కూరలో ఉప్పు వెయ్యొద్దమ్మా" అన్నాను.

"అట్టాగే అయ్యా. ముగ్గురు బిడ్డల్ని కన్నదాన్ని, పత్తెం నాకు తెలవదా?" అంది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. చార్టులో 'చెప్పడమైనది' అని రాసి నా గదికి పోయాను. ఇంజెక్షనుకు దిగిన వాపు రెండు రోజుల్లో మళ్ళీ ఎక్కేది.

ఆ శనివారం కోటయ్య మంచం దగ్గర గుండె పాఠం తడుముకోకుండా అప్పజెప్పాను. మార్తమ్మగారు మెచ్చుకోలేదు. "మంచం కింద చూశావా?" అంది.

"చూశాను సిస్టరమ్మా."

చూడలేదు. ఆవిడ మోకాలు పట్టుకుని వంగి, గుడ్డ కట్టిన చిన్న జాడీ బయటికి లాగింది. పాత చింతకాయ పచ్చడి. మా అమ్మ కూడా జ్వరం తగ్గాక మొదటి ముద్దలో అదే కలిపి పెట్టేది.

"చప్పిడి కూడు ఆయనకి దిగట్లేదమ్మా. కూరలో రవ్వంత ఉప్పు గూడా వెయ్యలా. ఇది పత్తెపు పచ్చడే గదా!" అంది నాగమ్మ.

అప్పుడే డాక్టరుగారు వచ్చారు. సంగతి విని, "నీ మొగుణ్ణి నువ్వే చంపుకుంటున్నావు" అని ఆమె మీద అరిచారు. పక్కన ఆమె అత్తగారు నిలబడి ఉంది. "ఈ అయ్య పచ్చడి సంగతి చెప్పలేదయ్యా" అంది నాగమ్మ. డాక్టరుగారు నా వైపు తిరిగారు. "చెప్పావా?"

"చెప్పానండి" అన్నాను.

మూడోనాడు కోటయ్య పోయాడు. జాడీ అక్కడే వదిలేసి వాళ్ళు వెళ్ళిపోయారు. మార్తమ్మగారు దాన్ని కడిగించి తన బల్ల మీద పెట్టుకుంది. నన్ను పిలిచి, "ఆ గుండె అప్పటికే అలిసిపోయింది. పచ్చడి తినకపోయినా ఎన్నాళ్ళుండేవాడో దేవుడికే తెలియాల. కానీ ఆ పిల్ల తన చేత్తో చంపుకున్నాననుకుంటా పోయింది. పచ్చడి సంగతి నువ్వు చెప్పలేదని పోయి చెప్పిరా" అంది. డాక్టరుగారికి ఆ రోజే నా చేత నిజం చెప్పించింది. వాళ్ళ ఊరికి వెళ్ళడానికి మాత్రం పరీక్షలవనీ అన్నాను, ఫలితాలు రానీ అన్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. బల్ల మీది జాడీ రోజూ కనిపించేది.

ఫస్టు వచ్చాను. ఆ వారమే జాడీ పట్టుకుని బస్సెక్కాను.

నాగమ్మ మిరపకాయలు ఏరుతోంది. జాడీ ఆమె ముందు పెట్టి, నిలబడే చెప్పాను. పచ్చడి సంగతి నేను చెప్పలేదనీ, అబద్ధమాడాననీ. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. చేతిలో మిరపకాయలు కింద పెట్టి, లోపలికి తిరిగి పిలిచింది. "అత్తా, ఇటు రా. ఈ అయ్య చెప్పేది విను." మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. రెండోసారి చెప్పడమే కష్టమైంది. ఆ ముసలమ్మ రెండు నెలలుగా కోడలి చేతి అన్నం ముట్టడం లేదని, విడిగా వండుకుంటోందని అప్పుడు తెలిసింది. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీకు తల్లి ఉందా అయ్యా?" అంది. ఉందన్నాను. ఆమె అరుగు మీద కూలబడి, "నాగమ్మా, ఆ అయ్యకి మంచినీళ్ళియ్యి" అంది. నాగమ్మ లోపలికి వెళ్తుంటే, "నాకూ ఓ చెంబు తే" అంది.

తిరిగొచ్చి మార్తమ్మగారికి చెప్పాను. "ఎన్నాళ్ళు పట్టింది నీకు?" అని అడిగింది.

"రెండు నెలలు సిస్టరమ్మా."

"నిండడానికి రెండు నెలలు పట్టిందంటే చానా లోతు గుంటరా అది" అని చార్టులు సర్దుకుంది.

తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఎన్నో వార్డుల్లో పనిచేశాను. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు వెనక నవ్వుకునేవాళ్ళు, నేను ప్రతి మంచం దగ్గరా వంగి మూటలు, గిన్నెలు చూస్తుంటే. 'చెప్పడమైనది' అని మళ్ళీ ఏ చార్టులోనూ రాయలేదు. ఏం తిన్నారో, దేనితో తిన్నారో అడిగి, వాళ్ళు చెప్పిందే రాసేవాణ్ణి. ఇప్పుడు నా మోకాళ్ళూ ఆవిడ మోకాళ్ళలాగే వంగనంటున్నాయి. మొన్న మా కోడలు పచ్చడి తీసి అడిగింది, "మామయ్యా, మీకు కొంచెం కలపనా?" అని. నాకూ ఇప్పుడు కాళ్ళు వాస్తున్నాయి. వద్దమ్మా అన్నాను. ఎందుకు వద్దో మాత్రం కూర్చోబెట్టి మొత్తం చెప్పాను.