నాలుగో గొంతు

మా అమ్మ నర్సు. చీరాలలోనూ, బెంగళూరు వచ్చాక ఇక్కడా లెక్కలేనన్ని నైట్ డ్యూటీలు చేసింది. దయ్యాలనేవి ఉంటే ముందు ఆమెకే కనిపించి ఉండాలి కదా అని నేను నవ్వేదాన్ని. మా కాలేజీలో పాత మెట్ల దగ్గర ఏదో ఉందని సీనియర్లు భయపెడితే, ఆ మెట్ల మీదే కూర్చుని లంచ్ బాక్సు ఖాళీ చేసేదాన్ని. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

మా కాలేజీ పంతొమ్మిదో శతాబ్దం నాటిది. రాతి గోడలు, ఎత్తైన కిటికీలు, అడుగేస్తే కిర్రుమనే చెక్క స్టేజీ. అంత పెద్ద కాలేజీలో పాటల క్లబ్‌కు మిగిలింది నలుగురమే. నేను, కేరళ అమ్మాయి రీనా, విజయవాడ నుంచి వచ్చిన జోయల్, హొసకోటె కుర్రాడు ప్రశాంత్. మిగతావాళ్లంతా డాన్స్ క్లబ్‌కు వెళ్లిపోయారు. మా గదిని కంప్యూటర్ ల్యాబ్‌కు ఇచ్చేయాలని ప్రిన్సిపాల్ మేడమ్ ఆలోచన. కాలేజీ వార్షికోత్సవంలో మా పాట విన్నాక తేలుస్తానన్నారు.

కాలేజీ పాటను నలుగురం నాలుగు వరసల్లో పాడి కలపాలి. అన్నిటికన్నా కింద బరువుగా వినిపించే గొంతు ప్రశాంత్‌ది. అది లేకపోతే పాట గాల్లో తేలిపోతుంది.

వార్షికోత్సవం రోజు పొద్దున ప్రశాంత్ మెడకు మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఉప్పునీళ్లు, మిరియాల కషాయం, క్యాంటీన్ అల్లం టీ, ఏదీ పనిచేయలేదు. పాట మానేద్దామన్నాడు జోయల్. మానేస్తే గది పోతుందని నేను పట్టుబట్టాను. చివరికి ప్రశాంత్ ఊరికే పెదాలు కదిపేటట్టు, మేం ముగ్గురం పాడేటట్టు ఒప్పందం కుదిరింది.

రెండో లైనుకే కింది గొంతు వినిపించింది. నిండుగా, తాపీగా. ప్రశాంత్‌కు గొంతు వచ్చేసిందనుకుని నాకు నవ్వాగలేదు. రీనా కూడా నవ్వుతూనే పాడింది. ఆఖరి మాట దగ్గర ఆ గొంతు ఎంత కిందికి దిగిందంటే, నా చెప్పుల కింద చెక్క సన్నగా అదిరింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మేడమ్ స్వయంగా వచ్చి ప్రశాంత్ భుజం తట్టారు. గది మాదేనన్నారు.

స్టేజీ దిగాక ముగ్గురం వాడిని చుట్టుముట్టాం. ప్రశాంత్ మొహం పాలిపోయి ఉంది.

"నేను పాడలేదప్పా," అన్నాడు గుసగుసగా. "గొంతు మూసుకోని ఉండాది నాకి. మీరెవరో పాడతా ఉండారనుకుంటి."

నమ్మలేదు. ముందు వరుసలో కూర్చున్న అమ్మ ఫోన్‌లో వీడియో తీసింది. అందరం తలలు ఆనించి చూశాం. రెండో చరణంలో ప్రశాంత్ పెదాలు కదపడం కూడా మరిచిపోయి, నోరు మూసుకుని, పాడేదెవరా అని వెనక్కి తిరిగి చూస్తున్నాడు. కింది గొంతు మాత్రం ఆగలేదు.

మైకుల అబ్బాయిని అడిగాం. ఏ రికార్డూ వేయలేదన్నాడు. హాల్లో ప్రతిధ్వని అయి ఉంటుందన్నాడు జోయల్. ప్రతిధ్వని మన పాటనే తిరిగి వినిపిస్తుంది గానీ, వేరే వరస ఎత్తుకోదు కదా. పైగా ఆ ఆఖరి స్వరం ప్రశాంత్‌కు గొంతు బాగున్న రోజుల్లోనూ అందేది కాదు.

అమ్మ ఒక్కతే కంగారు పడలేదు. "ఎవరైతే ఏంటే, శ్రుతి తప్పలేదుగా," అని ఫోన్ బ్యాగులో వేసుకుంది.

ఆ గొంతు మళ్లీ ఎప్పుడూ వినిపించలేదు. ఎవరిదో, ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా పాట విని క్లబ్‌లో కొత్తవాళ్లు చేరారు, గది ఇరుకైపోయింది. జలుబు తగ్గి ప్రాక్టీసుకు వచ్చిన రోజున ప్రశాంత్ తన చోట నిలబడి, ఒక క్షణం ఆలోచించి, పక్కకు జరిగాడు. ఇంకో మనిషి నిలబడేంత జాగా వదిలాడు.

అంత ఇరుకులోనూ ఆ జాగాలోకి ఎవరూ వెళ్లలేదు.