వాకిట్లో ఎక్కువైన జత

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఉన్నమాట చెప్పాలంటే, మా చర్చిలో చెప్పే సాక్ష్యాల్లో సగం మీద కూడా లేదు. ఒకరికి మామూలు జ్వరం తగ్గితే, రెండో ఆదివారానికి అది టైఫాయిడ్ అవుతుంది, నాలుగో ఆదివారానికి డాక్టర్లు చేతులెత్తేస్తారు. తాండూరులో ఒక చిన్న బడిలో సైన్సు చెబుతాను. సాక్ష్యాలప్పుడు నా మొహం చూడొద్దని పక్కన కూర్చునేవాళ్లు ముందే తల వంచుకుంటారు, నవ్వు వస్తుందని. అలాంటి నేనే ఇది రాస్తున్నాను కాబట్టి, ఉప్పూ కారం అద్దకుండా జరిగింది జరిగినట్టే రాస్తాను.

మా ఆయన దేవదానం నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసేవాడు. ఏళ్ల తరబడి పీల్చిన రాతిపొడి ఊపిరితిత్తుల్లో ఉండనే ఉంది. పోయినేడు వానల్లో దానికి నిమోనియా తోడైంది. వికారాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చేర్పించాం. మందులిస్తున్నాం, ఇంతకుమించి ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు ప్రార్థన నోట్లోకి రాలేదు. కళ్లు మూసుకుంటే ఆయన ఎగశ్వాస తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. దేవుడి మీద కోపమా అంటే అదీ కాదు. అసలు అటువైపు ఎవరైనా వింటున్నారా అని అనుమానం పట్టుకుంది. ఆ అనుమానం చాలా భయంగా ఉండేది.

మరిది సునీల్‌ను ఆయన దగ్గర ఉంచి, బట్టలు తేవడానికి, అత్తమ్మ దగ్గరున్న మా పాపను ఒకసారి చూడటానికి ఇంటికొచ్చాను. వచ్చేసరికి అత్తమ్మ శుక్రవారం ఉపవాస ప్రార్థన మా ఇంట్లోనే పెట్టించేసింది. నాకు ఒళ్లు మండింది. కానీ కొడుకు కోసం పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషిని ఏమనగలను?

మా ఇళ్లలో ఇలాంటి కూడికలకు ఒక పద్ధతి ఉంది. ప్రార్థన మొదలయ్యాక కూడా జనం వస్తూనే ఉంటారు. అందరి కళ్లూ మూసుకునే ఉంటాయి కాబట్టి ఎవరొచ్చారో తెలియదు. ఉపవాసం విడిచేది చాయ్‌తోనే. అందుకని ముగింపు ప్రార్థన ఊపందుకోగానే ఇంటావిడ మెల్లగా లేచి, వాకిట్లో చెప్పుల జతలు లెక్కపెట్టుకుని, అన్ని గ్లాసుల్లో చాయ్ పోస్తుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తమ్మ నేర్పిన మొదటి పని ఇదే.

ఆ మధ్యాహ్నం పాస్టరు అయ్యగారు ముగింపు ప్రార్థన అందుకోకముందే నేను లేచాను. చాయ్ అనేది సాకు. అందరూ మా ఆయన పేరు పెట్టి ఏడుస్తుంటే అక్కడ కూర్చోలేకపోయాను. చెప్పులు లెక్కపెట్టాను. మధ్యలో తప్పానేమోనని మళ్లీ లెక్కపెట్టాను. పోసి తెచ్చి పంచాను. ఒక గ్లాసు మిగిలింది.

"పిల్లలకు లెక్కలు గూడ గిట్లనే చెప్తవా బిడ్డా?" అంది అత్తమ్మ. అంతటి దుఃఖంలోనూ నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను. ఎన్నో రోజుల తర్వాత.

అందరూ వెళ్లిపోయాక చూస్తే వాకిట్లో ఒక జత ఉండిపోయింది. మగవాళ్ల తోలు చెప్పులు, మడమల దగ్గర బాగా అరిగినవి, నిండా తెల్లటి రాతిపొడి. మా ఇంట్లో ఎవరివీ కావు. ఆ పొడిని సాక్ష్యంగా చూపను, తాండూరులో పొడి అంటని చెప్పు ఉండదు. కూడికల్లో ఒకరి చెప్పులు ఒకరు వేసుకుపోవడమూ మామూలే. కానీ అప్పుడు ఇంకొకరి జత తక్కువ కావాలి కదా. సాయంత్రం వచ్చినవాళ్లందరికీ ఫోన్ చేశాను. ఎవరి చెప్పులు వాళ్ల దగ్గరే ఉన్నాయి. మగవాళ్లలో వచ్చింది అయ్యగారు ఒక్కరే, ఆయన వేసుకొచ్చింది బూట్లు.

ఎదురింటి షాహీన్ ఆపా ఆ మధ్యాహ్నమంతా గడపలో కూర్చుని కందులు ఏరుకుంటూ ఉంది. ఆమెను అడిగాను.

"ఒకాయన వచ్చిండు గద టీచర్. చెప్పులిడిచి లోపలికి పోయిండు. బయటికి రాంగ మాత్రం నేను చూడలే," అంది. మొహం గుర్తుందా అంటే, జర ఆలోచించి, పని నుంచి వచ్చిన మనిషిలా ఉన్నాడని మాత్రం చెప్పింది.

మర్నాడు పొద్దున రైలుకు వికారాబాద్ వెళ్లాను. మా ఆయన కళ్లు తెరిచి ఉన్నాడు. మాస్కు కాస్త పక్కకు జరిపి నీళ్లు అడిగాడు. నేను చెంచాతో పోస్తుంటే, ఆగి ఆగి తనే మాట్లాడాడు.

"నిన్న మనింటికాడికెళ్లి ఒకాయన వచ్చిండు. ఉత్త కాళ్లతోనే ఉండె. మీ ఇంట్ల చాయ్ పోస్తుండ్రు గని, తాగకుంటనే వచ్చిన అన్నడు. జరసేపు నా కాళ్లకాడ కూసున్నడు."

నేను చెంచా పక్కన పెట్టేశాను. నేను అప్పటికి ఆయనతో చాయ్ సంగతి చెప్పలేదు, చెప్పుల సంగతీ చెప్పలేదు.

బయటికొచ్చి సునీల్‌ను నిలదీశాను. తలుపు దగ్గర నుంచి కదల్లేదని, ఎవరినీ లోపలికి రానివ్వలేదని అన్నాడు. అమ్మ ఫోన్ చేసిందా అంటే లేదన్నాడు. అత్తమ్మను అడిగితే, నా కొడుకు చావుబతుకుల్లో ఉంటే చాయ్ ముచ్చట చెప్తనా అని కసిరింది. మధ్యాహ్నం బంధువులను లోపలికి వదిలే వేళ కాదని వార్డు సిస్టరు చెప్పింది. జ్వరంలో కలవరించి ఉంటాడంది. అయ్యుండొచ్చు. కానీ కలవరింతకు మా వంటింట్లో ఒక గ్లాసు మిగిలిందని ఎలా తెలుస్తుంది?

ఆయన మెల్లగా కోలుకుని ఇంటికొచ్చాడు. మందులే పనిచేశాయని ఇప్పటికీ అంటాను. సాక్ష్యం చెప్పమని అత్తమ్మ ఎన్నిసార్లు పోరినా లేవలేదు. కారణం ఉంది. పక్క మంచంలో కొడంగల్ మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన భార్య నాకంటే ఎక్కువగా ప్రార్థించింది. ఆయన ఇంటికి వెళ్లలేదు. ఆమె ముందు నిలబడి ఏమని చెప్పను?

అటువైపు ఎవరైనా వింటున్నారా అన్న నా ప్రశ్నకు ఇది జవాబో కాదో నాకు తెలియదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా ముడి వీడలేదు. ఆ చెప్పుల కోసం ఎవరూ రాలేదు. మా ఆయన వాటిని తుడిచి, గడప పక్కన పెట్టాడు.

ఇప్పుడు మా ఇంట్లో కూడిక జరిగితే, లెక్కపెట్టేటప్పుడు ఆ జతనూ కలిపే లెక్కపెడతాను. ఒక గ్లాసు మిగులుతుంది. ఎవరూ నవ్వరు. అది పూర్తిగా చల్లారేదాకా నేను ఎవరినీ తీయనివ్వను.