తిరగలికి అటూ ఇటూ

చావు జరిగిన ఇంటికి పలకరించడానికి వెళ్ళినవాళ్ళు లేచేటప్పుడు "వెళ్ళొస్తా" అనరు. అంటే మళ్ళీ అలాంటి పని మీదే ఆ గడప తొక్కాల్సి వస్తుందని మావాళ్ళ భయం. చెంగు దులుపుకుని, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. మా పాలెమంతా బాప్తిస్మం తీసుకుని ఒక తరం దాటినా ఈ పట్టింపు మాత్రం పోలేదు. పాదిరి గారు ఆదివారం గుళ్ళో కోప్పడితే అందరం తలలూపేవాళ్ళం, ఆ తర్వాత ఎవరింట్లో చావైనా నోరు మూసుకునే తిరిగొచ్చేవాళ్ళం.

మా ఒదిన ఇంటి దగ్గర కూడా జనం అలాగే చేయడం మొదలుపెట్టారు. ఆమె ఇంకా బతికే ఉంది.

ఒదిన అంటే చుట్టరికం కాదు, పక్కింటి మనిషి. మా రెండిళ్ళ నడుమ నాపరాళ్ళు పేర్చిన గోడ ఒక్కటే అడ్డం. ఆమె పెనిమిటి నడికుడిలో రైలుపట్టాల మీద గ్యాంగు పని చేసేవాడు, ఆదివారాలు తప్ప ఇంట్లో కనపడేవాడు కాదు. పిల్లల్లేరు. ఇంట్లో ఆమె, ఆమె అత్త. నేను మిషను బళ్ళో ఐదో తరగతి దాకా చదివాను గనక ఆమెకు నేనంటే మహా లోకువ. "అయిదు చదివావు, పొయ్యి రాజెయ్యటం రాదేందే నీకు" అనేది.

యుద్ధం నడుస్తున్న రోజులు. వరన్నం పండక్కి తినేవాళ్ళం, మిగతా రోజులన్నీ జొన్నలే. తిరగలి ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, వాళ్ళ పంచలో ఉండేది. పొద్దున్నే ఇద్దరం చెరో పక్కన కూర్చుని, ఒకే పిడిని ఇద్దరం పట్టుకుని విసిరేవాళ్ళం. ఒకరు లాగితే ఒకరు తొయ్యాలి. ఖాళీగా ఉన్న చేత్తో గింజలు పొయ్యాలి. తగువంతా అక్కడే వచ్చేది. వాళ్ళింట్లో సంకటి వండుతారు, దానికి రవ్వ బరగ్గా ఉండాలి. మా ఇంట్లో రొట్టె, దానికి పిండి మెత్తగా పడాలి. ఆమె గుప్పెడు గుప్పెడు పోసేది. నేను కాసిని రాల్చి ఆగేదాన్ని.

"చంటిబిడ్డకి మందు పోసినట్టు పోత్తన్నావేందే" అనేది.

"నువ్వు గాడిదకి దాణా పోసినట్టు పోత్తన్నావు" అనేదాన్ని.

ఆ మాటా ఈ మాటా పెరిగి ఒకళ్ళ పుట్టిల్లు ఒకళ్ళం తవ్వుకునేదాకా వెళ్ళేది. మర్నాడు మళ్ళీ అదే పిడి పట్టుకునేవాళ్ళం. ఆమెతో పోట్లాడకపోతే నాకు తెల్లారినట్టే ఉండేది కాదు.

ఆ ఏడు మిరప కోతలయ్యాక ఆమెకు కడుపులో గడ్డ తేలింది. రైలెక్కించి గుంటూరు తీసుకెళ్ళారు. డాక్టరమ్మ చూసి, కోసినా లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టమంది. ఆ మాట ఒదిన ముందే అన్నారు. వచ్చేటప్పుడు స్టేషన్లో, "ఇష్టమైనయి పెట్టమన్నారుగా" అని పెనిమిటి చేత పకోడీలు కొనిపించి, దారంతా తింటూ వచ్చిందట. ఆ సంగతి ఆమే నాకు చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. చాటలో జొన్నలు చెరుగుతున్నాను, చెరుగుతూనే ఉన్నాను.

పాలెంలో ఆడవాళ్ళు పలకరించడానికి వచ్చేవాళ్ళు. మంచం చుట్టూ కూర్చుని, ముక్కులు చీది, ఆమె మంచితనాన్ని ఆమె ఎదుటే తలుచుకుని, కాసేపటికి లేచి చెప్పకుండా వెళ్ళిపోయేవాళ్ళు. కావాలని చేసింది కాదు. అక్కడ కూర్చుంటే వాళ్ళకి చావింట్లో కూర్చున్నట్టే ఉండి, అలవాటు చొప్పున అలా లేచిపోయేవాళ్ళు. ఆ ఇంట్లో అత్త కూడా రేపనే మాట పలకడం మానేసింది.

"చూశావటే, ఒక్కతి గూడా వెళ్ళొత్తా అనటంలా" అంది ఒదిన ఒకరోజు. "నన్ను అప్పుడే మట్టి చేసేశారు."

"ఊరుకో ఒదినా, అట్టాంటిదేం లేదు" అన్నాను.

ఆమె నా వంక చూసి అటు తిరిగి పడుకుంది.

నేను రోజూ వెళ్తూనే ఉన్నాను. ఆమె నులక మంచం మీద ఉండేది, పక్కన నేనొక్కదాన్నే రెండు చేతులా పిడి పట్టుకుని విసిరేదాన్ని. గింజలు ఇంకాసిని పొయ్యమంటే పోసేదాన్ని. తిప్పుడు నిదానించమంటే నిదానించేదాన్ని. సరే ఒదినా, అట్టాగే ఒదినా. నా గొంతు నాకే ఎవరిదోలా వినపడేది. ఇంటికొచ్చి ఆ బరక పిండిని జల్లెడ పట్టుకుని రొట్టెలు కాల్చేదాన్ని. ఎక్కువసేపు మడిచిపెట్టిన కాలు తిమ్మిరెక్కినట్టు లోపలంతా తిమ్మిరెక్కిపోయి ఉండేది.

ఒకనాటి పొద్దున ఆమె మోచెయ్యి ఊతగా లేచి కూర్చుంది.

"నువ్వు గూడా చెప్పకుండానే పోతన్నావు గదే."

"నేను రోజూ వెళ్ళొత్తా అనే పోతన్నాగా."

"నోటితో అంటన్నావులే. సరే ఒదినా, అట్టాగే ఒదినా. ఎవురితో మాట్టాడతన్నావే నువ్వు? నాతో నువ్వు ఎప్పుడన్నా సరే అన్నావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఇంట్లో పని వదిలిపెట్టి, ఇద్దరి చాకిరీ చేస్తుంటే ఈ మాటా అనేది అనిపించింది. "మరేం చెయ్యమంటావు, రోగిష్టిదాంతో తగూ పెట్టుకోమంటావా?" అన్నాను.

"పెట్టుకో. కొబ్బరినీళ్ళు తాగీ తాగీ నోరు చప్పబడిపోయింది. నేను పోయేదాకా నాతో మామూలుగా ఉండే, చాలు. నీ దగ్గర ఇంకేం అడగను."

ఆ పూట తిరిగి వచ్చేటప్పుడు నేను ఆమెను ఒక మాట అన్నాను, రాయదగ్గది కాదు. ఆమె కళ్ళలో ఆ మెరుపు చూసి చానాళ్ళయింది.

అప్పట్నుంచి రోజూ తగువే. మంచం మీద నుంచే నన్ను పిడి సరిగా పట్టనిచ్చేది కాదు. నా తిప్పుడు బాగాలేదనేది, నా చీర కట్టు బాగాలేదనేది, మా అమ్మ చేసిన గోంగూర పచ్చడి ఉప్పు ఎన్నేళ్ళయినా నోట్లోంచి పోలేదనేది. నేను ఊరుకునేదాన్ని కాదు. ఆమె అత్త లోపల్నుంచి "ప్రభువా" అనుకునేది. నొప్పి వచ్చినప్పుడు ఒదిన మాట మధ్యలో ఆగి, నులక తాడు బిగించి పట్టుకునేది. నేను తిరగలి ఆపేదాన్ని కాదు. నొప్పి తగ్గాక ఆమె ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే తిట్టడం మొదలుపెట్టేది. ఇంత సంతోషంగా మేమిద్దరం ఎప్పుడూ లేము. అది నిజం. ఆ సంతోషం కూడా నాకు లోపలిదాకా చేరేది కాదు.

ఒకరోజు నేను వెళ్ళేసరికి మంచం దిగి, గోడకు చేరబడి తిరగలి దగ్గర కూర్చుని ఉంది. తన వైపు పిడి పట్టుకుంది. ఆ చేతిలో బలం లేదు, నా చేతి వెంట ఊరికే వస్తూ పోతూ ఉంది. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. రెండో చేత్తో మాత్రం గుప్పెడు గుప్పెడు గింజలు పోస్తోంది.

"ఇది పిండా, నూకలా?" అన్నాను. "మా ఇంట్లో దీన్ని ఎవురు తింటారు?"

"నీ మొగుడు తింటాడు. నీ చేతి రొట్టె తిన్నోడు రాళ్ళు పెట్టినా తింటాడు."

"ఇక నీతో పొత్తు లేదు. నా గింజలు నేనే ఇసురుకుంటా."

"యాడ ఇసురుకుంటావే, నీ నెత్తి మీదా? తిరగలి నాది."

ఆమె అత్త బయటికి వచ్చింది. "చావుబతుకుల్లో ఉన్నదాంతో అట్టా నోరు పారేసుకుంటావేంది, బుద్ధుందా నీకు?" అని నా మీద లేచింది.

"నువ్వు మజ్జిలో రామాక అత్తా" అంది ఒదిన.

నేను గంప ఎత్తుకుని విసురుగా మెట్టు దిగాను. నిజంగానే కోపం. వెళ్ళొస్తా అనలేదు. గోడ దాటుతుంటే వెనకనుంచి ఆమె గొంతు వినపడింది, జబ్బు పడకముందు ఎలా ఉండేదో అలాగే.

"పో పో. రేపు చెప్తా నీ సంగతి."

మర్నాడు నేను గింజలు కొలుచుకుంటుండగా వాళ్ళ అత్త కేక వినపడింది. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. నిద్రలోనే పోయిందన్నారు. నడికుడికి మనిషిని పంపారు. నేను నీళ్ళు కాచాను, చాపలు పరిచాను, వచ్చినవాళ్ళకి చోటు చూపించాను. ఎవరో నా భుజం పట్టుకుని ఏడ్చారు. నేను నిలబడ్డాను.

మాలో మట్టి చేసే ముందు పోయినవాళ్ళ చివరి మాట పాదిరి గారు అందరికీ చెబుతారు. చాలామంది ప్రభువు పేరు పలికే పోతారు, లేదంటే పలికారని ఇంటివాళ్ళు చెబుతారు. సమాధుల దొడ్డి దగ్గర ఆయన వాళ్ళ అత్తను అడిగారు. ఆమె నన్ను చూపించింది. "దీంతోనే మాట్టాడిందయ్యా ఆఖరున" అని, మంచి మాటేదన్నా చెప్పమన్నట్టు నా చెయ్యి నొక్కింది.

"'రేపు చెప్తా నీ సంగతి' అందండి" అన్నాను.

అత్త నా చెయ్యి వదిలేసింది. వెనక ఎవరో హవ్వ అన్నారు. పాదిరి గారు కోప్పడతారనుకున్నాను. ఆయన చేతిలో ఉన్న బైబిలు మూసి, నా మొహంలోకి చూశారు.

"రేపు అనే అందా అమ్మా?" అని అడిగారు.

"రేపు అనే అందండి" అన్నాను. అంతే, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.