రెండో పౌరసత్వం రాయొద్దన్నది నేనే

ఆమె దాచలేదు. దాచమన్నది నేను. ఈ మాట విచారణ రోజునే చెప్పాల్సింది, చెప్పలేదు. కెనడాలోని హాలిఫాక్స్‌లో మా తెలుగు చర్చికి వచ్చేవాళ్లలో కొందరు ఆమెను ఇప్పటికీ "రెండు పాస్‌పోర్ట్‌ల సిస్టర్" అంటున్నారు. అందుకే రాస్తున్నాను. చదివాక నన్ను ఏమన్నా అనండి, ఆమె జోలికి మాత్రం వెళ్లకండి.

ఆమె తల్లి మా కాకినాడ వైపు మనిషి. తండ్రిది వేరే దేశం, ఆమె పుట్టింది అక్కడే. పెళ్లయ్యాక భర్త దేశానికి వెళ్లి అక్కడి పౌరసత్వం కూడా తీసుకుంది. ఆ దేశాల పేర్లు రాయను, అతను ఇంకా వెతుకుతున్నాడు. అతను పోలీసు అధికారి. దెబ్బలు భరించలేక ఫిర్యాదు చేస్తే ఆ కాగితం అతని బల్ల మీదికే వచ్చింది. పారిపోయి వచ్చి, ఆశ్రయం ఇమ్మని ఇక్కడ రెఫ్యూజీ క్లెయిమ్ వేసింది.

మా చర్చిలో ఎవరికి ఏ ఫారం ఉన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. పీఆర్ కార్డులు, విజిటర్ వీసాలు, అన్నీ నేనే నింపేవాణ్ణి. నా పని సాఫ్ట్‌వేర్, చట్టం చదివింది లేదు. అయినా లాయర్ కంటే ముందు నేనే ఆమె ఫారం ముందేసుకుని కూర్చున్నాను.

"అన్నయ్యా, అన్ని పౌరసత్వాలూ రాయమంటున్నారు. పుట్టిన దేశానిది కూడా రాయాలేమో."

"ఆ పాస్‌పోర్ట్ ఎప్పుడో ఎక్స్‌పైర్ అయిందన్నావుగా?"

"అయింది. కానీ..."

"కొత్తది తీసుకున్నావంటే పాతది పోయినట్టే. కెనడియన్ అయ్యాక నేను ఇండియా పాస్‌పోర్ట్ సరెండర్ చేయలేదా? లాయర్ అడిగినా అదే చెప్పు."

మన దేశపు రూలే లోకమంతా ఉంటుందనుకున్నాను. ఆమె పుట్టిన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకుంటుంది. పాస్‌పోర్ట్ గడువు తీరినంత మాత్రాన పౌరసత్వం పోదు. రెండూ ఉన్నవాళ్లు రెండు దేశాల్లోనూ ప్రమాదం ఉందని చూపించాలి. ఒక్కచోట భద్రంగా బతకగలిగినా కెనడా ఆశ్రయం ఇవ్వదు. ఆమెకు చూపించడానికి ఆధారం ఉంది కూడా. పుట్టిన దేశంలో భర్త తమ్ముడు వ్యాపారం చేస్తున్నాడు. ఆమె మేనత్త ఇంటికి రెండుసార్లు వచ్చి బెదిరించాడు. నా మాట విని ఆ సంగతి ఎక్కడా రాయలేదు.

పుట్టిన దేశపు పాస్‌పోర్ట్ మీద ఆమె ఎప్పుడో పెట్టిన వీసా దరఖాస్తు ఒకటి అధికారులకు దొరికి, విచారణలో అంతా బయటపడింది. నేను తోడుగా వెళ్లి వెనక కూర్చున్నాను.

"ఎందుకు చెప్పలేదు?" అని అధికారి అడిగారు.

"పోయిందనుకున్నాను."

"పోయిందని ఎవరు చెప్పారు?"

ఆమె నా వైపు చూడలేదు. "నాకే అలా అనిపించింది" అంది.

తర్వాత విరామం ఇచ్చారు. లాయర్ పక్కనే నిలబడి కాఫీ తాగాను, నోరు మాత్రం విప్పలేదు. మేనత్త సంగతి ఆమె చెప్పబోతే, అది అప్పటికప్పుడు అల్లిన కథ అనుకున్నారు. క్లెయిమ్ తిరస్కరించారు.

అప్పీల్ వేశాక లాయర్‌కి అంతా చెప్పి ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాను. దీన్ని స్వీకరిస్తారన్న నమ్మకం లేదన్నాడు. అయినా పంపమన్నాను. చర్చి పెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచారు.

"ఎందుకు బ్రదర్ తవ్వుకోవడం? పోయేది మీ పరువేగా."

"పోనివ్వండి. ఆమెను పంపించేస్తే పోయేది పరువు కాదు."

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక అందరి ముందూ లేచి చెప్పాను. కొందరు కుర్చీలు సర్దుతూ విననట్టు ఉన్నారు. గొంతు పెంచి మళ్లీ చెప్పాను.

అప్పీల్ ఇంకా తేలలేదు. ప్రమాణపత్రం కాపీ తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. గుమ్మంలో నిలబడే మొత్తం చదివింది.

"బాగానే రాశారు అన్నయ్యా. ఇది వాళ్లకి. మరి నాకేం చెప్తారు?"

"తప్పు నాదమ్మా. నీకు తెలిసిన నిజాన్ని తెలియని నేను కొట్టిపారేశాను. నిన్ను అబద్ధాలకోరు అంటుంటే, నా పేరు చెడుతుందని భయపడి ఊరుకున్నాను. నన్ను క్షమించు."