బోరు లారీకి రబ్బరు గొట్టాలు

కరోనా పోయినాక రెండో ఎండాకాలం అది. అనంతపురంలో మా ఇంటి మేడ మీద రేకుల గది, అదే నా వర్క్‌షాపు. పొద్దెక్కితే అందులో మనిషి నిలవలేడు, కాబట్టి నా పనంతా పొద్దున్నే. నేను పోసేది రెజిన్, అంటే రెండు ద్రవాలు. కలిపితే కాసేపట్లో రాయి మాదిరి గట్టిపడతాయి. ఆ కాసేపటిని పాట్ లైఫ్ అంటారు. డబ్బా మీద రాసుండే పాట్ లైఫ్ ఏ చల్లని దేశపోళ్ళ లెక్కో ఏమో. మా ఎండలో అందులో సగం దొరికినా గొప్పే.

"నువ్వు చేసే పనేందమ్మా?" అని మా వీధిలో ఇప్పటికీ అడుగుతాంటారు. అంతకుముందు చాన్నాళ్ళు పండ్ల ల్యాబులో కట్టుడు పండ్లు చేసినాను. అది అందరికీ అర్థమయ్యే పని. ఇప్పుడు మోడల్ కిట్లకు ముక్కలు పోస్తాండాను. కిట్ అంటే ఒక పెట్టె, అందులో విమానానిదో రైలుదో చిన్న చిన్న ముక్కలు. కొనుక్కున్నోళ్ళు వాటిని అతికించి, రంగులేసి, అద్దాల బీరువాలో పెట్టుకుంటారు. కొనేది పిల్లోళ్ళు కాదు, మీసాలు నెరిసినోళ్ళు. నవ్వేవాళ్ళు నవ్వనీ, నాకేం. పంటికైనా ఇంజనుకైనా పని ఒకటే: అచ్చు తీయాల, పోయాల, గాలి బుడగ లేకుండా బయటికి తీయాల.

ఒకరోజు మా జిల్లాలోనే యాడికి అనే ఊరి నుంచి ఓబులేసు అని ఒకాయన వచ్చినాడు. బస్సులో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకోని తెచ్చిన బిస్కెట్ల అట్టపెట్టె, దాని మీద తువ్వాల. తువ్వాల తీస్తే లోపల బోరు లారీ. మూరెడు కూడా లేదు. నిటారుగా నిలబడిన ఇనుప స్తంభం మాదిరి మాస్టు, వెనక కంప్రెసర్, పక్కన పేర్చిన డ్రిల్లు పైపులు, టైర్లకు అంటుకున్న తెల్లటి బురద. మా జిల్లాలో ఆ బండి రాని ఊరు లేదు. దాని మోత వింటే నీళ్ళు పడతాయా లేదా అని ఊరంతా చేను గట్టున నిలబడతాది. అట్లాంటి బండిని ఎవరైనా బొమ్మగా చేస్తారని నేను కలలో కూడా అనుకోలేదు.

"నువ్వే చేసినావా అన్నా?"

"ఇంకెవురు చేస్తారుక్కా? ఆ బండి మీదే బతికినోణ్ణి. పైపు జారి భుజం మీద పడింది. ఇంక బండి ఎక్కద్దన్నారు డాక్టర్లు. ఇంట్లో కూచుంటే చేతులు ఊరికే ఉంటాయా?"

సంగతేందంటే, బెంగళూరులో కిట్లు అమ్మే ఒక షాపాయన ఈ లారీ ఫోటోలు చూసినాడు. వచ్చే నెల ఆడ మోడళ్ళ షో ఉండాది. ఆ షో లోగా పది పెట్టెలకు సరిపడా నున్నటి ముక్కలు అందితే ఓబులేసు పేరుతోనే అమ్ముతానన్నాడు. అందకపోతే మాస్టర్, అంటే ఈ అసలు బొమ్మ, తనకే అమ్మేయాల. వాళ్ళ మనుషులతో పోయించుకోని షాపు పేరుతో తెస్తాడంట.

"దుడ్లు బాగానే ఇస్తానన్నాడు," అన్నాడు ఓబులేసు. "కానీ నా పేరుండదంటక్కా. ఇన్నేండ్లు ఎవురి బండో తోలినా. ఇదొక్కటే నా బండి. దీనికీ నా పేరు లేకుంటే ఎట్లా?"

ఆ మాట నాకు లోపల యాడో తగిలింది. చేస్తానన్నాను.

మాస్టర్ చుట్టూ సిలికాన్ రబ్బరు పోసి, అది గట్టిపడినాక మాస్టర్‌ను బయటికి తీస్తే మిగిలే గుంతే మోల్డ్. ఆ గుంతలో రెజిన్ పోస్తే మాస్టర్‌కు కవల పుడతాది. నేను వాడే మేలు రకం రబ్బరును ప్లాటినం క్యూర్ అంటారు. కుంచించుకుపోదు, చాన్నాళ్ళు వస్తాది. కానీ దానికొక రోగం ఉండాది. గంధకం తగిలిన చోట అది జన్మలో గట్టిపడదు. అందుకే ఏ మాస్టర్ వచ్చినా ముందు అడుగుతాను.

"ఈ బండి దేందేంతో చేసినావన్నా?"

"అంతా ప్లాస్టిక్ షీటు, కొంచెం అట్ట. ఇంకేముంటాదక్కా బండికి?"

లారీని నాలుగు భాగాలుగా విడదీసి, ఒక్కోదాని చుట్టూ పెట్టె కట్టి, రబ్బరు పోసినాను. మరుసటి రోజు విప్పేటప్పుడు ఓబులేసు పక్కనే నిలబడినాడు. క్యాబిన్ బాగా వచ్చింది. చాసిస్ బాగా వచ్చింది. మాస్టు దగ్గర చేతికి లేత పాకం మాదిరి జిగురు సాగింది. మాస్టును ఆనుకోని కిందికి వాలిన గొట్టాలు ఉండాయే, వాటి చుట్టూ రబ్బరు పచ్చిగానే ఉండిపోయింది. గోటితో నల్ల రంగు గీకి చూసినాను.

"ఏందన్నా ఇది?"

"గొట్టాలక్కా. కంప్రెసర్ నుంచి గాలి పోయేటివి."

"అది కనపడతాంది. దేంతో చేసినావు?"

"సైకిల్ వాల్వు ట్యూబు."

"రబ్బరా! అంతా ప్లాస్టిక్ అంటివే!"

"నువ్వు బండి దేంతో చేసినావంటివి. గొట్టాలు బండా? అసలు బండికి ఉండేది రబ్బరు గొట్టాలే కదక్కా. ప్లాస్టిక్ పెడితే అబద్ధం కాదా?"

తల యాడైనా కొట్టుకుందామనిపించింది. ట్యూబు రబ్బరును గంధకం వేసి వండుతారు. ఈ పెద్దమనిషి నిజం కోసమని నా మోల్డు మధ్యలో గంధకం తెచ్చి పెట్టినాడు. తిట్టినాను, దాపరికమెందుకు. ఆయన తల వంచుకోని అంతా విన్నాడు. తర్వాత నా చేతిలోంచి మాస్టు తీసుకోని, కరోనాలో కొని మిగిలిపోయిన శానిటైజర్ ఉంటే ఇమ్మన్నాడు. పండ్లు తోముకునే బ్రష్షుతో ఇద్దరం కూచోని ఆ జిగురంతా కడిగినాం. మాస్టు మీది నిచ్చెన మెట్లు రెండు ఊడినాయి. ఆయన వాటిని ఏరి, మళ్ళా అతికించుకున్నాడు.

అదే టయానికి బెంగళూరు షాపాయన ఫోను. పని యాడిదాకా వచ్చిందని అడిగితే ఉన్నదున్నట్లు చెప్పినాను.

"నేను ముందే అనుకున్నాను మేడం. అనంతపురం ఎండకి, దుమ్ముకి క్లీన్ కాస్టింగ్ రాదు. మాస్టర్ పంపించేయండి. మా వాళ్ళు చూసుకుంటారు."

నాకు కాలిపోయింది. "ఎండా మాదే, దుమ్మూ మాదే సార్. రెజిన్‌కు పగ ఎండ కాదు, తేమ. తేమ తగిలితే అది పొంగి బుడగలు కడతాది. మీ బెంగళూరు వానల్లో మీవాళ్ళు పోసిన ముక్కలు చూసినాను, జల్లెడ మాదిరి ఉండాయి. మా గాలిలో తేమ యాడుండాది? షో ఇంకా అయిపోలేదు. మాస్టర్ రాదు."

ఫోను పెట్టేసినాను. అనడమైతే అనేసినాను, మోల్డేమో లేదు.

తేలికైన దారి ఒకటుండాది. రబ్బరు గొట్టాలు పీకేసి సోల్డర్ తీగ, అంటే టంకం వేసే మెత్తటి తీగ, పెట్టడం. ఓబులేసు నా ముందరే తీగ వంచి పెట్టి చూసినాడు. అటు తిప్పినాడు, ఇటు తిప్పినాడు, తీసేసినాడు.

"వద్దక్కా. బిగదీసుకోని ఉండాది. గాలి గొట్టం ఇట్లా వాలదు."

"చూసేవాళ్ళకు తెలుస్తాదా అన్నా?"

"నాకు తెలుస్తాది కదా. పేరు నాదే కదా పెట్టేది."

మొండిమనిషి. నేనేమన్నా తక్కువా? సరేనన్నాను.

ఇంకో రకం రబ్బరు ఉండాది, టిన్ క్యూర్ అంటారు. దానికి గంధకంతో పేచీ లేదు. త్వరగా పాడవుతాది, కొంచెం కుంచించుకుపోతాది, అయినా పది పెట్టెలకు చాలు. చిక్కల్లా ఏందంటే, అది గట్టిపడాలంటే గాలిలో కొంచెం తేమ కావాల. రెజిన్‌కు వరమని నేను బెంగళూరాయనకు గొప్పలు చెప్పిన మా ఎండుగాలే ఈ రబ్బరుకు శాపం. పోయిన ఏడాది ఇదే ఎండల్లో ఒకసారి పోస్తే రోజులు గడిచినా మెత్తగానే ఉండింది.

అందుకని రబ్బరు పని కింద గదికి దించినాను. గోడల పొడుగునా తీగలు కట్టి, తడి గోనెసంచులు ఆరేసి, కిటికీలు మూసినాం. వీధి కుళాయికి అప్పుడు దినం తప్పి దినం కూడా నీళ్ళు రావడం లేదు. బట్టలు ఉతికిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు, ఒక్క చెంబు పారబోయకుండా పట్టి పెట్టినాను. మా అత్త వాకిట్లో నిలబడి ఒకటే పాట: "జనం ట్యాంకరు కోసం కొట్టుకుంటాంటే ఈయమ్మ గోనెసంచులకు స్నానాలు చేయిస్తాంది సూడండ్రా!" ఆరిన సంచిని తడపడం ఓబులేసు పని. మంచి చేత్తో ముంచి, పిండి, ఆరేస్తాడు. నేను పైన మేడ మీద రెజిన్ డబ్బాలకు తడిగాలి సోకకుండా కాపలా. కింద తడి, పైన ఎండ, మెట్ల మీద తిరిగి తిరిగి నా మోకాళ్ళు పోయినాయి.

మోల్డు విప్పే పొద్దున ఇద్దరం కింద గదిలో కూచున్నాం. రబ్బరు అంచు పట్టుకోని మెల్లగా వెనక్కి ఒలిచినాను. జిగురు లేదు. మాస్టు శుభ్రంగా ఊడి వచ్చింది, గొట్టాలతో సహా. రెజిన్ కలిపి పోసి, ప్రెషర్ పాట్‌లో పెట్టినాను. మిగిలిన బుడగలు కంటికి కనపడకుండా అణిచేసే గాలి డబ్బా అది. బయటికి తీసిన మొదటి ముక్కను ఓబులేసు చేతిలో పెట్టినాను. ఆయన గొట్టాల మీద వేలు పోనిచ్చినాడు. వంపుకు వంపు అచ్చు దిగినాయి, వాల్వు ట్యూబు మీది సన్నగీతతో సహా.

"అక్కా, ఇది నా బండే," అన్నాడు. కండ్లు తుడుచుకునేదానికి సిగ్గుపడలేదు. నేనూ పడలేదు.

పది పెట్టెలూ షోకు ముందే బెంగళూరు చేరినాయి. పెట్టె మీద బండి బొమ్మ, కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఓబులేసు పేరు, యాడికి, అనంతపురం జిల్లా. షో అయినాక షాపాయన మళ్ళా ఫోను చేసినాడు. గొంతు మారిపోయింది. బాగున్నాయి మేడం, ఇంకొన్ని కావాలి అన్నాడు. చివర్లో మెల్లగా ఒక మాట వదిలినాడు.

"ఆయన పేరు ఉండనీండి, ఇబ్బంది లేదు. ఊరి పేరు ఒక్కటి తీసేసి బెంగళూరు అని వేద్దాం. కొనేవాళ్ళకి కొంచెం నమ్మకంగా ఉంటుంది."

ఫోను స్పీకర్‌లో ఉండాది. ఓబులేసు ఎదురుగానే కూచోని ముక్కల అంచులు అరగదీస్తాండాడు. నేను నోరు తెరిచేలోపలే ముందుకు వంగినాడు.

"సార్, ఊరి పేరు తీసేయాల్నంటే లారీ కూడా తీసేయండి. ఖాళీ పెట్టె అమ్ముకోండి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత, "సరే, ఎప్పటికి పంపుతారు?" అని అడిగినాడు.

ఈ పనిలో ఎవరైనా కొత్తగా నా దగ్గరికి నేర్చుకునేదానికి వస్తే రెండు మాటలు చెప్తాండాను. మాస్టర్ మీద ఉండే ప్రతి ముక్కను గోటితో గీకి చూడు, చేసినాయన మాట నమ్మద్దు. ఆ చేసినాయన ఇది ఇట్లే ఉండాలని మొండికేస్తే మాత్రం, అది ఎట్లా పోయాలో నువ్వు కనిపెట్టుకో, ఆయన్ను మార్చమనద్దు.

రెండో విడత పెట్టెలు అచ్చు వేయించేటప్పుడు ప్రింటింగ్ ప్రెస్సాయన అక్షరాలు ఎంత సైజు పెట్టాలని అడిగినాడు. ఓబులేసు నా వైపు చూసినాడు. "యాడికి అనేది ఇంకొంచెం పెద్దగా," అన్నాను.