అవసరమంతా నీకే

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, బేరానికి లొంగనిది లోకంలో ఏదీ లేదని. కోవిల్‌పట్టి బజారులో పప్పుల కొట్టు వెనకాల పుట్టి, ఉలవ బస్తాల మీద ఆడుకుని, అక్షరాల కన్నా ముందు గిరాకీల మొహాలు చదవడం నేర్చినదానికి ఇంకే నమ్మకం ఉంటుంది? మా నాన్న నాకు చెప్పిన చదువంతా ఒక్క ముక్క: "పాపా, బేరంలో అవసరం చూపించినవాడు ఓడిపోయినట్టే." ఇక్కడ ఆంధ్రా చదువరులకు ఒక మాట చెప్పి ముందుకు పోవాలి. మా ఇళ్ళలో మేం మాట్లాడేది తెలుగే. కానీ గడప దాటితే తమిళం కనక, ఆ తమిళం చెప్పులు విప్పకుండానే ఇంట్లోకి వచ్చేస్తుంటుంది. తమిళంలో అవసరమంటే తొందర. కాబట్టి మా ఇంట్లోనూ అవసరమంటే తొందరే. ("అవసరంగా తినొద్దే, పొలమారుతాది" అని మా అవ్వ రోజుకు మూడుసార్లు అరిచేది.) మీ దగ్గర దానికి 'కావలసినది' అనే అర్థం ఉందని నాకు ఇరవై మూడేళ్ళ దాకా తెలియదు.

ఆ ఏడే విరుదునగర్‌లో ఉద్యోగంలో చేరాను. ఏ ఇంట్లోనైనా ఒకరి మనసు పట్టు తప్పి, మిగతావాళ్ళకు దిక్కు తోచక ఫోన్ చేస్తే, వ్యాన్ వేసుకుని ఆ ఇంటికే వెళ్ళి, ఆ మనిషిని నెమ్మదిపరచి, వైద్యం దాకా తోడుండే పని. వ్యాన్‌లో ముగ్గురం: నర్సు సిస్టరక్క, డ్రైవరన్న, నేను. మా నాన్న కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకూ "మా పాప డాక్టర్ మాదిరి" అని చెప్పుకునేవాడు. మా అవ్వ మాత్రం "వ్యాన్‌లో ఊరూరా తిరుగుతారంటివే, ఇంతకీ ఏమి అమ్ముతారు?" అని అడిగేది.

శిక్షణకు ఒక ఆంధ్రా డాక్టరమ్మ వచ్చింది. నేను నోరు తెరిచి మా ఇంటి తెలుగులో నాలుగు మాటలు మాట్లాడేసరికి ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "అమ్మాయ్, నీ తెలుగు ఏ శాసనం మీద నుంచి దిగొచ్చింది?" అంది. అయినా ముచ్చటపడి, తెలుగు ఇళ్ళకు వెళ్ళినప్పుడు వాడుకోమని ఒక బంగారు వాక్యం రాసిచ్చింది: "మీకు ఇప్పుడు ఏం అవసరం?" సలహాలొద్దు, వాదన వద్దు, ముఖ్యంగా బేరాలొద్దు (ఇది నా మొహం చూసే చెప్పింది), ఈ ఒక్కటి అడిగి, చెప్పేది వినమంది. అర్థం కూడా విప్పి చెప్పింది. నేను అద్దం ముందు నిలబడి, తల ఒక పక్కకు వాల్చి, గొంతులో తేనె పోసి, ఆ వాక్యాన్ని వారం రోజులు సాధన చేశాను.

దాన్ని వాడే మొదటి అవకాశం ఒక మిరపకాయల గోడౌన్‌లో వచ్చింది. గోడౌన్ వాళ్ళు మావాళ్ళే, తెలుగువాళ్ళు. ఆ ఇంటి పెద్దమ్మకు వారం రోజులుగా నిద్ర లేదు. మిరపకాయలు కాలుతున్న వాసన వస్తోందని ఇల్లంతా తిరిగి తిరిగి, ఆ తెల్లవారుజామునే వచ్చి మూటల మీదికెక్కి, పన్నెండో వరుస మీద కూర్చుంది. తను దిగితే నిప్పంటుకుంటుందట. కింద ఆమె భర్త కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. ఆమె తమ్ముడు చేతిలో కొబ్బరి తాడుతో తయారుగా ఉన్నాడు.

"పదకొండు దాకా చూస్తా. దిగకపోతే నలుగురిని పిలిచి కట్టి దింపేస్తా. పరువు పోతా ఉండాది" అన్నాడు.

సిస్టరక్క నన్ను పక్కకు లాగి (ఆమెది తమిళం, నా మాటల్లో చెబుతున్నాను) "ఒక్కసారి తాడు పడితే ఆమె ఇక ఏ ఆసుపత్రినీ నమ్మదు, ఈ తమ్ముణ్ణీ నమ్మదు. తన కాళ్ళతో దిగాలి. నీ భాష మనిషి, నువ్వు మాట్లాడు" అంది. నేను గడియారం చూశాను. పదింబావు. ముందుకు నడిచాను. తల ఒక పక్కకు వాల్చాను. తేనె పోశాను.

"పెద్దమ్మా, మీకు ఇప్పుడు ఏం అవ... హాచ్!"

మిరప ఘాటు గురించి శిక్షణలో ఎవరూ చెప్పలేదు. మూడు తుమ్ములయ్యాక మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి వాక్యం పూర్తిచేశాను. "మీకు ఇప్పుడు ఏం అవసరం?"

పెద్దమ్మ పైనుంచి నన్ను నిదానంగా చూసింది. "నాకేమి అవసరం? నేను ఇక్కడే కూర్చోనుండా కదా. వచ్చినప్పటి నుంచి గడియారం చూసేది నీవు. అవసరమంతా నీకే!"

డ్రైవరన్న (అతనిది తమిళమే, కానీ ఆ ఒక్క మాటా బాగా అర్థమైంది) కిసుక్కుమన్నాడు. ఏడుస్తున్న పెదనాన్న కూడా కండువా చాటున నవ్వాడని నా అనుమానం. బంగారు వాక్యం ఇత్తడని తేలిపోయేసరికి నాలోని పప్పుల కొట్టు నిద్ర లేచింది. డాక్టరమ్మ చెప్పిన వద్దులన్నీ గాలికొదిలేసి, "సరే పెద్దమ్మా, కిందిదాకా వద్దు. నాలుగు మూటలు దిగండి చాలు" అన్నాను.

"నాలుగా! నీవు రెండు ఎక్కితే నేను ఒకటి దిగుతా."

"ఒకటికొకటి పెట్టుకుందాం పెద్దమ్మా."

"ఇష్టముంటే రా, లేదంటే పో. నాకేమి అవసరం?"

మా నాన్న సూత్రం ఆమెకూ తెలుసు. తెలియడమేమిటి, నాకన్నా బాగా తెలుసు. రెండు మూటలు ఎక్కాను, ఆమె ఒకటి దిగింది. మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి. అలా ఎనిమిదో వరుస మీద ఇద్దరం కలుసుకున్నాం. ఎనిమిది ఎక్కింది నేను, నాలుగు దిగింది ఆమె. నా పుట్టుకలో అంత నాసిరకం బేరం ఇంకోటి చేయలేదు. పైగా ఒక్కో మూటకూ రెండేసి తుమ్ములు.

పైకి చేరాక మాట్లాడదామంటే తుమ్ములు ఊపిరి తిప్పుకోనివ్వలేదు. విధిలేక ఊరుకున్నాను. నేను ఊరుకున్నాను కాబట్టి ఆమె మాట్లాడింది. వాసన సంగతి, కన్ను మూస్తే రెప్పల వెనక కనిపించే ఎర్రటి మంట సంగతి, చెబితే "వాసనే లేదు, పోయి పడుకో" అని అందరూ కసురుకున్న సంగతి. చివర నా చెయ్యి పట్టుకుని, "నీవు చెప్పు పిల్లా. కాలే వాసన వస్తాదా, రాదా?"

ఉందంటే అబద్ధం, లేదంటే తగువు. ముక్కు ఎగబీల్చి, "నా ముక్కు మూసుకుపోయింది పెద్దమ్మా. నాకు ఏ వాసనా తెలియడం లేదు" అన్నాను. అది తెలివి కాదు, పచ్చి నిజం. ఆమె నన్ను వారం రోజుల్లో తనతో వాదించని మొదటి మనిషిని చూసినట్టు చూసింది.

అప్పుడు కింది నుంచి తమ్ముడు "పదకొండు అయిపోయింది!" అని కేకేసి తాడు విదిలించాడు. నేను ఉలిక్కిపడి, చెమటతో మండుతున్న కన్ను నులుముకున్నాను. ఎనిమిది వరుసల మిరప మూటలు పట్టుకుని ఎక్కిన చేత్తో.

ఆ తర్వాత నేను చేసిన చప్పుడుకు గోడౌన్ కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయని డ్రైవరన్న చెబుతాడు. నాకు తెలియదు, నాకేమీ కనబడలేదు. ఒక్క గొంతు మాత్రం వినబడింది. "అయ్యయ్యో, చెయ్యి తియ్యి! కంట్లో పెట్టొద్దు! బిడ్డకు చూపు పోతాదేమో, నీళ్ళు తెండిరా! రేయ్, ఆ తాడు పట్టుకుని ఏమిటికిరా నిలబడితివి? పారేసి బిందె తే!" పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. "కాలు ఇక్కడ పెట్టు. ఆఁ. ఇంకోటి. అవసరపడొద్దు, మెల్లగా" అంటూ ఎనిమిది వరుసలూ నన్ను దింపింది. అంటే తనూ దిగింది. తన కాళ్ళతో.

బిందెడు నీళ్ళతో నా కళ్ళు తనే కడిగింది. కన్ను తెరిచేసరికి తాడు నేల మీద ఉంది, తమ్ముడి చేతిలో ఖాళీ బిందె ఉంది. "ఆసుపత్రిలో నిద్రకు మందిస్తారు, మాతో వస్తావా అమ్మా?" అని సిస్టరక్క మెల్లగా అడిగితే, పెద్దమ్మ నావైపు చూసి నిట్టూర్చి, "వస్తా. నిద్ర లేక తల పగులుతాది. ఈ పిల్లని ఒంటిగా ఎట్ల పంపేది?" అని ముందు సీటు ఎక్కింది. ఆసుపత్రిలోనూ డాక్టర్‌తో "ముందు దీన్ని చూడండి" అంది. ఆ రోజు రిపోర్టులో సిస్టరక్క ఏం రాసిందో నేను చూడలేదు. చూసే ధైర్యం ఇప్పటికీ లేదు.

ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకు నేనే శిక్షణ ఇస్తున్నాను. వాళ్ళు తల పక్కకు వాల్చి తేనె పోస్తుంటే నవ్వు ఆపుకోవడమే నాకు పెద్ద పని. చేతికి గడియారం ఎప్పుడో మానేశాను. పెద్దమ్మ మందులు వేసుకుంటుంది, నిద్రపోతుంది. మధ్యలో ఒకసారి ఆ వాసన మళ్ళీ వచ్చిందని తనే వ్యాన్‌కు ఫోన్ చేసింది, పక్కన తమ్ముడు తాడు లేకుండా నిలబడ్డాడు. విరుదునగర్ బజారులో నేను ఎదురుపడితే అంత దూరం నుంచే అరుస్తుంది: "ఏం పిల్లా, అవసరం తగ్గిందా?"

మా అర్థంలో అడుగుతోందో, మీ అర్థంలో అడుగుతోందో నేనెప్పుడూ తేల్చుకోలేదు. "కొంచెం తగ్గింది పెద్దమ్మా" అంటాను. ఏ అర్థంలో చూసినా అది అబద్ధమే.